గింజ రాల్చే గడ్డి: ఉత్తర అమెరికా సరస్సుల్లో మనోమిన్

(ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, వ్యవసాయ విద్యార్థులకు, రైతు మిత్రులకు నమస్కారం.

చిత్తడి నేలల్లో తనంతట తాను పెరిగే ఒక గడ్డిని ఎంచుకొని, దాని సాగు గురించీ వాడకం గురించీ మాట్లాడమని నిర్వాహకులు కోరారు. కొల్లేటి జమ్ము గురించో, చాపలల్లే తుంగ గురించో చెబుతానని మీలో కొందరు అనుకొని ఉంటారు. వాటి సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. అందుకని నేను కొన్నేళ్లు పనిచేసిన ప్రాంతపు గడ్డి ఒకదాన్ని ఎంచుకున్నాను. అమెరికా, కెనడాల మధ్య సుపీరియర్ అనే పెద్ద సరస్సు ఉంది. దాని చుట్టూ ఉన్న మిన్నెసోటా, విస్కాన్సిన్, మిషిగన్, ఒంటారియో ప్రాంతాల్లోని చిన్న సరస్సుల్లో, నెమ్మదిగా పారే ఏళ్లలో ఈ గడ్డి పెరుగుతుంది. అక్కడి మూలవాసులైన ఒజిబ్వే ప్రజలు దీన్ని మనోమిన్ అంటారు. అంగళ్లలో వైల్డ్ రైస్ పేరుతో అమ్ముతారు. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు జిజానియా పలుస్ట్రిస్. ఇది మన వరి కాదు, వరికి దాయాది. రెండూ గడ్డి కుటుంబంలో ఒకే తెగకు చెందినవి, కానీ ప్రజాతులు వేరు. వరికి 24 క్రోమోజోములు ఉంటే దీనికి 30 ఉంటాయి.

వరి పండించేవారికి ఈ గడ్డి సంగతి చెప్పాలనుకోవడానికి ఒక కారణం ఉంది. అడవి వరిని మనిషి మడిలోకి తెచ్చి, గింజను వెన్నుకు నిలబడేలా మార్చుకున్నది వేల ఏళ్ల కిందటి మాట. ఆ పని ఎవరు చేశారో, ఎవరైనా వద్దన్నారో చెప్పే ఆధారం ఏదీ మనకు మిగల్లేదు. మనోమిన్ విషయంలో అదే పని 1960ల్లో జరిగింది. దాన్ని చేసినవారి పేర్లు తెలుసు, కారణాలు తెలుసు, వద్దన్నవారు ఇప్పటికీ వద్దంటూనే ఉన్నారు. గింజ రాలడం అనే ఒక్క లక్షణాన్ని పట్టుకుంటే ఈ గడ్డి కథంతా అర్థమవుతుందని నా అభిప్రాయం. ఈ రోజు ఆ దారినే నడుస్తాను.

ముందు మొక్క సంగతి. ఇది ఏకవార్షికం. ఏటా గింజ నుంచే మొలవాలి, పాత దుబ్బు మళ్లీ చిగురించదు. సెప్టెంబరులో గింజ నీళ్లలో పడగానే మునిగిపోతుంది. గింజకు పొడవాటి ముల్లు ఉంటుంది, ఆ ముల్లు మీద సన్నని వంకర నూగు ఉంటుంది. గింజ నిటారుగా దిగి అడుగు బురదలో గుచ్చుకుపోవడానికి, మళ్లీ పైకి లేవకుండా ఉండడానికి అది పనికివస్తుంది. పైన సరస్సు గడ్డకట్టుకొని ఉండగా గింజ అడుగున కనీసం మూడు నెలలు, గడ్డకట్టే స్థాయికి కాస్త పైనున్న చల్లదనంలో నిద్రపోవాలి. ఆ నిద్ర లేకపోతే మొలక రాదు. అంతకంటే విచిత్రం ఏమిటంటే, మన విత్తనాన్ని ఆరబెట్టి దాచుకుంటే బతుకుతుంది, ఈ విత్తనాన్ని ఆరబెడితే చచ్చిపోతుంది. దీన్ని దాచాలంటే తడిలోనే, చలిలోనే దాచాలి. గాదెలో పోయడానికి వీల్లేని విత్తనం ఇది.

వసంతంలో మంచు కరిగి నీరు కాస్త వెచ్చబడగానే మొలక వస్తుంది. మొదటి ఆకులు నీటి అడుగునే ఉంటాయి. జూన్ నెలలో వచ్చే ఆకులు రిబ్బన్లలాగా నీటి మీద పరుచుకొని తేలుతాయి. మొక్కకు అన్నిటికంటే గండమైన దశ అదే. అప్పటికి వేరు బలంగా ఉండదు, పైనున్న ఆకు తేలుతూ ఉంటుంది. ఆ సమయంలో వాన ఎక్కువై గాని, ఎగువన ఆనకట్ట తలుపులు తెరిచి గాని నీటిమట్టం గబుక్కున పెరిగితే, తేలే ఆకే మొక్కను వేరుతో సహా పెకలించేస్తుంది. ఆ గండం గడిస్తే జూలైలో మొక్క నీటిపైకి నిటారుగా లేచి, మనిషెత్తు వరకూ పెరుగుతుంది. ఒకటి నుంచి మూడు అడుగుల లోతు, మెత్తని ఒండ్రు, కాస్త కదలిక ఉన్న స్వచ్ఛమైన నీరు దీనికి నచ్చుతాయి. పూర్తిగా నిలిచిపోయిన నీటిలో సరిగా రాదు.

ఇక వెన్ను. వరి పువ్వులో ఆడ, మగ భాగాలు ఒకే చోట ఉంటాయి, అందుకే వరి ఎక్కువగా తన పుప్పొడితోనే గింజ కడుతుంది. మనోమిన్‌లో అలా కాదు. వెన్ను పై భాగంలో ఆడ పువ్వులు చీపురు పుల్లల్లా నిక్కి ఉంటాయి, కింది కొమ్మలకు మగ పువ్వులు వేలాడుతుంటాయి. ఆడ పువ్వులు ముందుగా బయటికి వచ్చి, పక్క మొక్కల పుప్పొడిని గాలిలోంచి అందుకుంటాయి. ఆ తరువాతే అదే వెన్నులోని మగ పువ్వులు విచ్చుకుంటాయి. అంటే ఇది పరపరాగ సంపర్కం మీద, గాలి మీద ఆధారపడిన మొక్క. ఈ మాట గుర్తుంచుకోండి, తరువాత వచ్చే తగాదాకు మూలం ఇక్కడే ఉంది.

ఆగస్టు చివర గింజ ముదరడం మొదలవుతుంది. ఒకే వెన్నులో పైగింజ గట్టిపడేసరికి కిందిది ఇంకా పాలమీదే ఉంటుంది. ముదిరిన గింజ ముదిరినట్టే రాలిపోతుంది. కోతకోసం ఆగితే పైగింజ నీటిపాలవుతుంది, తొందరపడితే కిందిగింజ తాలవుతుంది. పిట్టలు తినేస్తే, గాలివాన కొడితే, మంచు ముందుగా పడితే ఏ కొంతైనా మిగలాలన్న ఏర్పాటు అది. మొక్క వైపు నుంచి చూస్తే అందులో లోపం ఏమీ లేదు. రైతు వైపు నుంచి చూస్తేనే అది నష్టం.

ఒజిబ్వేలు ఈ లక్షణాన్ని మార్చాలని చూడలేదు. తమ పనిముట్లనే దానికి తగ్గట్టు తయారు చేసుకున్నారు. పల్చని దోనెలో ఇద్దరు వెళతారు. ఒకరు నిలబడి, కొస చీలిన పొడవాటి గెడతో దోనెను నెమ్మదిగా గడ్డిలోకి తోస్తారు. గెడ కొస అలా చీలి ఉండడం వల్ల అది బురదలోకి దిగబడదు, మొక్కల మొదళ్లు తెగవు. తెడ్డు వేస్తే మొక్కలు విరుగుతాయి కాబట్టి తెడ్డు వాడరు. రెండోవారు కూర్చొని, రెండు చేతుల్లో రెండు తేలికపాటి సెడార్ కర్రలు పట్టుకొని, ఒకదానితో కొన్ని మొక్కలను దోనె మీదికి వంచి, రెండోదానితో వెన్నులను నిమిరినట్టుగా తడతారు. ముదిరిన గింజ దోనెలో రాలుతుంది, ముదరనిది వెన్నుకే ఉంటుంది. కొట్టడం కాదది, తట్టడం. గట్టిగా కొట్టేవాడిని పక్క దోనెవాళ్లు ఊరుకోనివ్వరు. నాలుగైదు రోజులు ఆగి మళ్లీ అదే చోటికి వస్తే అప్పటికి ముదిరిన గింజ దొరుకుతుంది. ఇలా ఎన్నిసార్లు తిరిగినా, మొత్తం పంటలో చాలా భాగం నీటిలోకే పోతుంది, అదే మరుసటి ఏటికి విత్తనం. విడిగా విత్తనం తీసి దాచే పని లేకుండా, కోతలోనే విత్తడం కూడా జరిగిపోతుంది.

పూర్వం ఇంకో పద్ధతి కూడా ఉండేది. గింజ ముదరడానికి కొద్దివారాల ముందే ఆడవాళ్లు దోనెల్లో వెళ్లి, బాస్‌వుడ్ చెట్టు నారతో మొక్కలను గుత్తులు గుత్తులుగా కట్టి వచ్చేవారు. పిట్టల నుంచి, గాలి నుంచి ఆ గింజకు కాస్త రక్షణ దొరికేది, ఏ గుత్తి ఏ కుటుంబానిదో కట్టిన తీరును బట్టి తెలిసిపోయేది. ఏ సరస్సులో ఎప్పుడు కోత మొదలుపెట్టాలో అనుభవజ్ఞులైన పెద్దలు చూసి చెప్పేవారు. చాలా చోట్ల ఈనాటికీ ఆ పని చేసే సంఘాలు ఉన్నాయి.

మిన్నెసోటా రాష్ట్ర చట్టం ఈ సంప్రదాయాన్ని దాదాపు ఉన్నదున్నట్టు తీసుకొని నిబంధనలుగా రాసుకుంది. ప్రజల సరస్సుల్లో యంత్రంతో కోయకూడదు. తట్టే కర్ర 30 అంగుళాలు మించకూడదు, ఒక్కో కర్ర బరువు ఒక పౌనుకు తక్కువ ఉండాలి. దోనె 18 అడుగుల పొడవు, 36 అంగుళాల వెడల్పు మించకూడదు. ఆగస్టు 15కు ముందు కోయరాదు, సెప్టెంబరు 30 తరువాత కోయరాదు, కోసే రోజుల్లో కూడా ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 3 వరకే. పచ్చిగింజ దులపడం నేరం. కర్ర బరువును కూడా చట్టంలో రాశారంటే మనకు నవ్వు వస్తుంది గాని, బరువైన కర్ర చేతిలో ఉంటే ముదరని గింజ కూడా రాలుతుందని తెలిసినవారే ఆ నిబంధన పెట్టించి ఉంటారని నా నమ్మకం.

ఒడ్డుకు వచ్చిన పచ్చిగింజ తినడానికి పనికిరాదు. దాన్ని గోనెల్లో ఉంచితే వేడెక్కి బూజు పడుతుంది కాబట్టి వెంటనే పరిచి ఆరబెట్టాలి. పూర్వం భూర్జ వృక్షపు బెరడు మీద పరిచేవారు, ఇప్పుడు టార్పాలిన్ల మీద పరుస్తున్నారు. ఆరిన తరువాత కట్టెల పొయ్యి మీద ఇనుప పాత్రలో పోసి, సన్నని సెగన వేయించాలి. పాత్రను కాస్త వంచి పెట్టి, చిన్న తెడ్డుతో ఆగకుండా కలుపుతూ ఉండాలి. మన ఇళ్లలో పేలాలకో అటుకులకో మంగలంలో వేయించినవారికి ఈ పని తెలిసినట్టే ఉంటుంది. సెగ ఎక్కువైతే గింజ మాడుతుంది, తక్కువైతే పొట్టు ఊడదు. ఈ వేపుడుతో మూడు పనులు జరుగుతాయి. పొట్టు పెళుసెక్కుతుంది, తేమ పోయి గింజ ఏళ్ల తరబడి నిల్వ ఉంటుంది, పొగ వాసన కలిసిన ఒక ప్రత్యేకమైన రుచి వస్తుంది. ఇనుప పాత్రలు ఐరోపా వర్తకుల ద్వారా వచ్చాయి. అంతకు ముందు ఎండలోను, చిన్న మంట మీద కట్టిన పందిరి మీదను ఆరబెట్టేవారు.

తరువాతిది పొట్టు తీయడం. మనం రోకలితో దంచుతాం, వాళ్లు కాలితో తొక్కుతారు. నేలలో చిన్న గొయ్యి తీసి, దానికి చెక్క అమర్చి, అందులో వేగిన గింజ పోస్తారు. శుభ్రమైన మెత్తని తోలు పాదరక్షలు తొడుక్కొని, రెండు పక్కలా పాతిన గుంజల మీద చేతులు ఆనించి, ఒంటి బరువంతా గింజ మీద పడకుండా ఆపుకుంటూ తొక్కుతారు. బరువు పడితే గింజ నలుగుతుంది. అందుకే ఆ పనిని బరువు తక్కువ ఉన్న పిల్లలకు అప్పగించేవారు. పిల్లలకు అది ఆట కూడా అయ్యేది. చివరకు భూర్జ బెరడుతో చేసిన వెడల్పాటి పళ్లెంలో పోసి చెరుగుతారు. గాలి వాటం చూసి పైకి ఎగరేస్తే పొట్టు పోతుంది, గింజ నిలుస్తుంది. నూరు పౌన్ల పచ్చిగింజ నుంచి సుమారు నలభై పౌన్ల బియ్యం మిగులుతుంది. ఇప్పుడు చాలామంది డ్రమ్ములో తిప్పి వేయించే యంత్రాలూ పొట్టు తీసే యంత్రాలూ వాడుతున్నారు, కానీ కోత మాత్రం దోనెలోనే.

ఒజిబ్వేల గాథల ప్రకారం వారి పూర్వికులు తూర్పు సముద్ర తీరం నుంచి పడమరకు వలస వచ్చారు, నీటి మీద ఆహారం పండే చోటు కనబడే వరకు సాగిపొమ్మని వారికి ఆదేశం అందింది. అందుకే వారికి మనోమిన్ అంటే పంట మాత్రమే కాదు. బిడ్డకు పెట్టే తొలి ఆహారాల్లోనూ, అంత్యక్రియల విందులోనూ అది ఉంటుంది. 1837లో అమెరికా ప్రభుత్వానికి భూమి వదులుకుంటూ కుదుర్చుకున్న ఒప్పందంలో, వేట, చేపల పట్టుతో పాటు మనోమిన్ ఏరుకునే హక్కును వారు పేరు పెట్టి మరీ నిలుపుకున్నారు. ఆ హక్కు ఇంకా చెల్లుతుందని 1999లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

ఇక మడిలోకి వద్దాం. 1950లో జేమ్స్ గాడ్వర్డ్, జెరాల్డ్ గాడ్వర్డ్ అనే ఇద్దరు మిన్నెసోటాలో మెరిఫీల్డ్ అనే ఊరి దగ్గర ఒక ఎకరం నేలకు గట్టు కట్టి, నీరు పెట్టి మనోమిన్ గింజ చల్లారు. మొక్క బాగానే వచ్చింది. ఇబ్బందల్లా గింజతోనే. మడిలోనూ అది సరస్సులో రాలినట్టే రాలింది. పదేపదే మడిలో తిరిగి గింజ దులిపే యంత్రాలు తయారు చేశారు గాని, గిట్టుబాటు అంతంత మాత్రం. 1963లో మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ యాగ్యు, ఎర్విన్ బ్రూక్స్ ఒక రైతు పొలంలో మిగతావాటికంటే ఎక్కువ కాలం గింజను నిలుపుకున్న మొక్కలను గమనించారు. ఆ మొక్కల గింజ నుంచే తొలి సాగురకం వచ్చింది. దాంతో ఒకేసారి కంబైన్ హార్వెస్టర్‌తో కోయడం సాధ్యమైంది. 1965 నుంచి పెద్ద బియ్యం కంపెనీలు రైతులతో ఒప్పందాలు చేసుకోవడం మొదలుపెట్టాయి.

మన వరిలో కూడా ఇలాగే జరిగింది. గింజ రాలడాన్ని నిర్ణయించే ముఖ్య జన్యువుల్లో ఒకటైన ఎస్‌హెచ్‌4ను శాస్త్రజ్ఞులు 2006లో గుర్తించారు. ఆ జన్యువు తయారుచేసే ప్రోటీన్‌లో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారడం వల్ల గింజ వెన్నుకు నిలబడిందని తేలింది. అంత చిన్న మార్పు మీద మన కోతలు, కుప్పలు, నూర్పిళ్లు అన్నీ నిలబడి ఉన్నాయి. ఆ మార్పు జరగని మన అడవి వరి, అదే నివ్వరి, కుంటల్లో ఇప్పటికీ గింజ రాల్చుకుంటూనే ఉంది. దాన్ని పనికిమాలినదని అనుకోకండి. గ్రాసీ స్టంట్ అనే వైరస్ తెగులును తట్టుకునే గుణం 1970ల్లో మేలైన వరి వంగడాల్లోకి వచ్చింది ఉత్తరప్రదేశ్‌లో సేకరించిన ఒక నివ్వరి నుంచే.

మనోమిన్ మడి సేద్యం ఎలా ఉంటుందో మీకు ఆసక్తి ఉంటుంది. ఉత్తర మిన్నెసోటాలో పీట్ నేలలు, అంటే కుళ్లిన మొక్కల పొరతో ఏర్పడిన తేలికపాటి నల్లనేలలు ఉన్నాయి. వాటిని చదును చేసి గట్లు వేస్తారు. తడి విత్తనాన్ని శరదృతువులోనే చల్లుతారు, లేదా చలినీటిలో దాచి వసంతంలో చల్లుతారు. నారు పోయడం, నాటడం లేదు. నీరు పెట్టి ఉంచి, కోతకు కొన్ని వారాల ముందు మడి ఆరగట్టి, యంత్రాన్ని దింపుతారు. ఇంతా చేసి, మేలురకాలు కూడా గింజను పూర్తిగా ఆపవు. కొంత రాలుతుంది. రెండో ఏడు ఆ రాలిన గింజ నుంచే మడి నిండా మొలకలు వస్తాయి. విత్తనం ఖర్చు తప్పిందని రైతు సంతోషించే లోపే మొక్కలు మరీ ఒత్తయిపోతాయి. అప్పుడు కింద కత్తులు అమర్చిన గాలిపంకా పడవను మడిలో నడిపి, వరసలు వరసలుగా మొలకలను కోసి పల్చన చేస్తారు. కలుపు తీసినట్టు సొంత పంటనే తీయడం నేను అక్కడే మొదటిసారి చూశాను.

మొక్కలు చెదురుగా, నీటి గాలిలో ఉన్నంత కాలం పెద్దగా కనిపించని తెగులు మడిలోకి రాగానే విరుచుకుపడింది. అది గోధుమ రంగు మచ్చ తెగులు. దాన్ని కలిగించే శిలీంధ్రాల్లో ఒకటి మన వరిలో అదే తెగులు తెచ్చే బైపోలారిస్ ఒరైజే. 1942లో బెంగాల్ వరిని దెబ్బతీసి, మరుసటి ఏటి మహాక్షామానికి దోహదం చేసిన తెగులు ఇదే. క్షామానికి కారణాల్లో తెగులు పాలెంత, యుద్ధకాలపు విధానాల పాలెంత అన్నది వేరే చర్చ. దాయాదులైన రెండు మొక్కలను ఒకే పద్ధతిలో కిక్కిరిసేలా పెంచితే ఒకే తెగులు పట్టుకుందన్నది మాత్రం చెప్పుకోదగ్గ సంగతి.

1970ల నుంచి కాలిఫోర్నియాలోని శాక్రమెంటో లోయ వరి రైతులు ఈ పంటను అందుకున్నారు. వారికి చదునైన మడులు, కాలువ నీరు, కోత యంత్రాలు అప్పటికే ఉన్నాయి, పొడి వాతావరణం వల్ల తెగులు తక్కువ. 1980ల్లోనే వారి దిగుబడి మిన్నెసోటాను మించిపోయింది. ధర పడిపోయింది. 1977లో మనోమిన్‌ను తన రాష్ట్ర ధాన్యంగా ప్రకటించుకున్న మిన్నెసోటాలో, దోనె మీద వెళ్లి గింజ దులిపేవారి బేరం దెబ్బతిన్నది. మడిలో పండినదాన్నే దోనె బొమ్మ వేసిన సంచుల్లో అమ్మిన వ్యాపారులూ ఉన్నారు. తరువాత మడిలో పండిన సరుకు మీద ఆ మాట రాసి తీరాలని మిన్నెసోటా చట్టం చేసింది.

ఇంతకీ తగాదా డబ్బు గురించి మాత్రమే కాదు. ఈ మొక్క పుప్పొడి గాలిలో పోతుందని ఇందాక చెప్పాను. మడిలోని గింజ నిలుపుకునే గుణం పుప్పొడితో సరస్సులోకి చేరితే ఏమవుతుందని ఒజిబ్వేలు అడిగారు. గింజ రాల్చని మొక్కకు సరస్సులో రెండో తరం ఉండదు. విశ్వవిద్యాలయం మనోమిన్ జన్యుపటం తయారు చేయడాన్ని కూడా 1990ల చివర వారు వ్యతిరేకించారు. మొక్కల ప్రజననం చదువుకున్నవాడిగా నాకు మొదట అది అతి భయం అనిపించేది. గింజ రాలని మొక్క సరస్సులో ఎక్కువ కాలం నిలవదు కాబట్టి ఆ గుణం తనంతట అదే తుడిచిపెట్టుకుపోతుందని వాదించవచ్చు. అయితే తమ అనుమతి అడగకుండా తమ ఆహారాన్ని మార్చే హక్కు మీకెవరిచ్చారన్న ప్రశ్నకు ఆ వాదన సమాధానం కాదు. ఆ విషయంలో నేను వారి పక్షమే. 2018లో వైట్ ఎర్త్ అనే ఒజిబ్వే సమాజం, మనోమిన్‌కు బతికే హక్కు, పెరిగే హక్కు, స్వచ్ఛమైన నీటి హక్కు ఉన్నాయని తన సొంత చట్టంగా రాసుకుంది.

నిజానికి ఈనాడు సరస్సుల్లోని మనోమిన్‌కు మడిలోని రకం కంటే నీరే పెద్ద సమస్య. ఆనకట్టలు నీటిమట్టాన్ని ఎప్పుడూ ఒకేలా నిలబెడితే ఇతర మొక్కలు చోటు ఆక్రమిస్తాయి, తప్పు సమయంలో పెంచితే తేలే ఆకు దశలో మొక్క పోతుంది. మోటారు పడవల అలలు, అడుగు బురదను కెలికే కార్ప్ చేపలు మరికొంత నష్టం చేస్తాయి. వీటన్నిటికంటే లోతైనది సల్ఫేట్ సంగతి. ఉత్తర మిన్నెసోటాలోని మెసాబి కొండల వరుసలో ఇనుప గనులు ఉన్నాయి. అక్కడి నుంచి వచ్చే నీటిలో సల్ఫేట్ ఎక్కువ. సల్ఫేట్ ఎక్కువ ఉన్న నీటిలో మనోమిన్ పెరగడం లేదని జాన్ మాయిల్ అనే జీవశాస్త్రజ్ఞుడు చాలా ముందే గమనించాడు. దాని ఆధారంగా 1973లో రాష్ట్రం లీటరుకు 10 మిల్లీగ్రాములను పరిమితిగా పెట్టింది. సల్ఫేట్ నేరుగా విషం కాదు. గాలి అందని బురదలో సూక్ష్మజీవులు దాన్ని సల్ఫైడ్‌గా మారుస్తాయి, ఆ సల్ఫైడ్ వేరును చంపుతుంది. మురుగు పోని మడిలో వరి వేరు నల్లబడి, పీకి చూస్తే కుళ్లిన గుడ్డు వాసన వేయడం మీలో చాలామంది చూసి ఉంటారు. అక్కడ జరిగేదీ అదే. బురదలో ఇనుము తగినంత ఉంటే సల్ఫైడ్‌ను కొంతవరకు పట్టి ఉంచుతుంది. అందువల్ల అన్ని సరస్సులకూ ఒకే పరిమితి తగదని పరిశ్రమలవారి వాదన. పరిమితి చట్టంలో ఉన్నా అమలు దశాబ్దాల పాటు నామమాత్రంగానే సాగింది. 2021లో కేంద్ర పర్యావరణ సంస్థ కలగజేసుకొని, సల్ఫేట్ మించిన మనోమిన్ జలాలను కాలుష్య జాబితాలో చేర్చింది.

మంచి నీరున్నా ప్రతి ఏడూ పంట ఒకేలా ఉండదని కూడా చెప్పాలి. నాలుగైదేళ్లలో ఒక ఏడు విరగపండి, ఒక ఏడు దాదాపు ఏమీ ఉండదు. విరగపండిన ఏటి గడ్డి నీటిలో మునిగి కుళ్లేటప్పుడు సూక్ష్మజీవులు నత్రజనిని పట్టేసుకుంటాయి, తరువాతి ఏటి మొలకకు అది అందదు. కోసిన మడిలో మిగిలిన వరిగడ్డిని దమ్ము చేసి వెంటనే నాటితే మొక్కలు పసుపెక్కడం మీకు తెలిసిందే, అక్కడా కారణం ఇదే.

వాడకం గురించి కొద్దిగా. వందగ్రాముల పొడి గింజలో ప్రోటీన్ 14 గ్రాములకు పైగా ఉంటుంది, అది మన తెల్లబియ్యానికి సుమారు రెట్టింపు. పీచు ఎక్కువ, కొవ్వు తక్కువ. ఒజిబ్వేలు జింక మాంసంతోనో చేపతోనో వండుతారు, మేపుల్ పానకం, ఎండు బెర్రీలు కలిపి తియ్యగానూ తింటారు. అంగట్లో నల్లగా నిగనిగలాడే గింజ చాలావరకు మడిలోదే. కోసిన పచ్చిగింజను కొన్ని రోజులు కుప్పగా తడిలో ఉంచి, తరువాత ఆరబెట్టడం వల్ల ఆ నలుపు వస్తుంది. అది ఉడకడానికి ముప్పావు గంట పైనే పడుతుంది. సరస్సులోంచి తెచ్చి కట్టెల మంట మీద వేయించిన గింజ లేత గోధుమ రంగులో, ఒక్కోసారి ఆకుపచ్చ ఛాయతో ఉంటుంది, ఇరవై నిమిషాల్లో విచ్చుకుంటుంది. అక్కడి తెలుగువారిలో కొందరు దీనితో పులిహోర కలుపుతారు. మెతుకు మెతుకు విడిగా ఉంటుంది గనక చూడటానికి బాగుంటుంది గాని, గింజపై పొర గట్టిది కావడంతో చింతపండు పులుసు లోపలికి పట్టదు. సగం సన్నబియ్యం కలిపితే నయం.

ఒక విద్యార్థి చీటీ పంపారు, ఈ గడ్డిని ఇక్కడ పెంచవచ్చా అని. అంగట్లో కొన్న గింజ వేయించినది, మొలవదు. సజీవమైన విత్తనం తెచ్చినా మూడు నెలల మంచునీటి నిద్ర ఇక్కడ దొరకదు. శీతల గిడ్డంగిలో ఆ నిద్ర పట్టించవచ్చు గాని, ఉత్తరాది దీర్ఘమైన వేసవి పగళ్లకు అలవాటుపడిన మొక్క ఇక్కడి పొట్టి పగళ్లలో, వేడిలో తొందరపడి చిన్నగా ఉండగానే ఈనేస్తుంది. పరాయి నీటిమొక్కను చెరువులో వదిలితే ఏమవుతుందో గుర్రపుడెక్క చూపించింది కాబట్టి, ఆ ప్రయత్నం చేయవద్దనే నా సలహా.

దీనికి తోబుట్టువు లాంటి గడ్డి మాత్రం మన దేశంలోనే ఉంది. జిజానియా లాటిఫోలియా అనే ఆసియా జాతి మణిపూర్‌లోని లోక్తక్ సరస్సులో పెరుగుతుంది. చైనాలో ఒకప్పుడు దాని గింజను ముఖ్య ధాన్యాల్లో ఒకటిగా తినేవారు. ఉస్టిలాగో ఎస్కులెంటా అనే కాటుక తెగులు శిలీంధ్రం సోకితే ఆ మొక్క ఈనదు, మొదలు దగ్గర కాండం లావుగా, మెత్తగా ఉబ్బుతుంది. ఆ ఉబ్బిన కాండం రుచి మరిగిన రైతులు తెగులు పట్టిన దుబ్బులనే ఎంచి, పిలకలు నాటుతూ పోయారు. గింజ వాడకం దాదాపు అంతరించి, కాండం కూరగాయగా నిలిచింది. మణిపూర్‌లో దాన్ని ఇషింగ్ కంబోంగ్ అంటారు. పచ్చిగానే సన్నగా తరిగి సింగ్జు అనే పచ్చడిలో కలుపుకొని తింటారు. ఇంఫాల్ సంతల్లో దొరుకుతుంది. మీరు అటు వెళితే ఒకటి కొని అడ్డంగా కోసి చూడండి. లేతదైతే తెల్లగా ఉంటుంది, ముదిరినదైతే లోపల శిలీంధ్ర బీజాల నల్లని చుక్కలు కనిపిస్తాయి. అవి కనబడకముందే కోసిన దానికే సంతలో మంచి ధర పలుకుతుంది.